బస్తాకు నాలుగు నిమిషాలు

శనివారం పొద్దున ఫుయ్‌లాన్ గ్యాస్ కట్టిందో లేదో మూడుసార్లు చూసుకుంది. తలుపు తాళం వేసి, మెట్లు దిగి, సగంలో ఆగి, మళ్ళీ పైకెక్కి నాలుగోసారి చూసింది. కట్టే ఉంది. నలభై ఏళ్ళపాటు మిరియాల గోదాములో ఏ బస్తా మంచిదో ఏ బస్తా పనికిరాదో వాసన చూసి తేల్చిన మనిషి ఆమె. కుచింగ్ ఊళ్ళో వ్యాపారులందరూ ఆ మాట నమ్మేవారు. తన ఇంటి గ్యాస్ విషయంలో మాత్రం తనను తను నమ్మలేకపోయేది.

ఆ రోజు ఆమెకు కష్టమైన పని ఉంది. అబద్ధం చెప్పకుండా నిజం దాచాలి.

దోర్కస్ అనే లాయరు ఏటా లా కాలేజీలో కొందరు పిల్లల్ని ఎంచి తర్ఫీదు ఇచ్చేది. ఒక దేశం వ్యాపారికీ ఇంకో దేశం వ్యాపారికీ తగాదా వస్తే కోర్టుకెక్కకుండా మధ్యవర్తుల ముందు ఎలా వాదించాలి, ఎక్కడ పట్టు బిగించాలి, ఎక్కడ వదిలి రాజీకి రావాలి, ఇదంతా నేర్పేది. మార్చిలో హాంకాంగ్‌లో పోటీ. అందుకోసం ఒక తగాదాను కల్పించి, కాగితాలు తయారుచేసి, పిల్లల్ని రెండు పక్షాలుగా చీల్చి కొట్లాడించేది. సాక్షి వేషం ఆరేళ్ళుగా ఫుయ్‌లాన్‌దే. "యాక్టర్లు వద్దు ఆంటీ, పని తెలిసినవాళ్ళు కావాలి," అని మొదటి ఏడు దోర్కస్ స్వయంగా ఇంటికి వచ్చి అడిగింది. మొగుడు పోయి అప్పటికి నాలుగు నెలలు. ఇంట్లో గడియారం చప్పుడు తప్ప ఏమీ వినిపించని రోజులవి. ఫుయ్‌లాన్ వెంటనే ఒప్పుకుంది.

ఈ ఏటి తగాదా మిరియాలదే. ఇక్కడి సారవాక్ కంపెనీ ఒకటి రెండు వందల నలభై బస్తాలు జర్మనీకి అమ్మింది. ఓడ దిగేసరికి సరుకంతా బూజు. బస్తాలన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించానని సర్టిఫికెట్ ఇచ్చిన ఆవిడే సాక్షి. వేషం కాగితంలో అడుగున దోర్కస్ ఎర్ర సిరాతో రాసింది: "ముందు వరసలు మాత్రమే చూశావు. వెనక వరసలు ముట్టుకోలేదు. సూటిగా అడిగితే ఒప్పుకోవాలి. అడగకపోతే చెప్పనక్కరలేదు."

నిజం బయటికి లాగాల్సిన పిల్ల అవిలా. ఫుయ్‌లాన్ దిగులంతా అదే.

అవిలా పాడవాన్ కొండల మీది బిడాయు తెగ పిల్ల. వాళ్ళ అమ్మమ్మకు మిరియాల తోట ఉంది. చదువులో చురుకు. కాగితాల్లో ఎక్కడ ఏ లొసుగు ఉందో ఇట్టే పట్టేది. ప్రతి గురువారం తర్ఫీదు అయ్యాక ఫుయ్‌లాన్‌ను స్కూటర్ మీద ఇంటి దగ్గర దించేది. దారిలో ఇద్దరూ ఆగి కోలో మీ నూడుల్స్ తినేవాళ్ళు. "మీ కొండ మీద మిరియాలు ఎప్పుడూ సగం తడిగానే దిగేవి. మీ అమ్మమ్మ ఎండబెట్టేదా, వానలో ఆడించేదా?" అని ఫుయ్‌లాన్ ఎత్తిపొడిచేది. "తడిగా ఉన్నాయని మీరు ధర కోస్తే, ఆ కోపంతో మా అమ్మమ్మ ఇంకా తడిపేది," అనేది అవిలా.

కానీ పెద్దవాళ్ళను నిలదీయడం ఆ పిల్లకు చేతకాలేదు. వాళ్ళ ఊళ్ళో ఎవరూ పెద్దవాళ్ళను అవునా కాదా అని ఒక మూలకు నెట్టి అడగరు. అడిగినా, తప్పుకోవడానికి ఒక దారి కూడా వాళ్ళే చూపిస్తారు. పోయిన నెల అభ్యాసంలో ఆమె అడిగిన ప్రశ్న ఇలా సాగింది: "ఆంటీ, ఆ రోజు బస్తాలన్నీ చూశారా, లేకపోతే ఎండ ఎక్కువగా ఉండి కాస్త అలసిపోయారేమో, అలా అయితే పర్వాలేదు..." దోర్కస్ తల పట్టుకుంది. "సాక్షిని ప్రశ్నిస్తున్నావా, పరామర్శిస్తున్నావా?" అంది. పిల్లలంతా నవ్వారు. అవిలా కూడా నవ్వింది కానీ చెవులు ఎర్రబడ్డాయి.

హాంకాంగ్‌లో మాట్లాడేది ఇద్దరే. ఒకరు నిజార్, అది ఖాయం. రెండో చోటుకు అవిలా, క్లారిబెల్ పోటీ పడుతున్నారు. క్లారిబెల్ సాక్షి గొంతు మీద కాలు వేసి ప్రశ్నించే రకం. దోర్కస్ గురువారం నాడు ఫుయ్‌లాన్ ముందే తేల్చేసింది. "శనివారం మీ నోట నిజం రప్పిస్తేనే అవిలాకు చోటు ఆంటీ. మీరేమీ సాయం చేయకండి. చేస్తే నాకు తెలిసిపోతుంది."

"నేనెందుకు చేస్తాను?" అంది ఫుయ్‌లాన్. రాత్రంతా నిద్ర పట్టలేదు. అవిలా గెలవాలి. గెలిస్తే హాంకాంగ్ వెళ్తుంది. హాంకాంగ్ చూసిన పిల్లలు ఆ తర్వాత కౌలాలంపూర్ అంటారు, సింగపూర్ అంటారు, ఇక తిరిగి రారు. మొదటి ఏడు ఫుయ్‌లాన్ తర్ఫీదుకు వచ్చిన పిల్లల పేర్లన్నీ క్యాలెండర్ వెనక రాసుకుంది. రెండో ఏడు నుంచి మానేసింది. అయినా, ఈ పిల్ల ఓడిపోయి ముఖం దించుకుని కూర్చుంటే చూడలేను అనిపించింది. వెళ్ళిపోయినా సరే, గెలవనీ.

కాలేజీలో విచారణ తొమ్మిదిన్నరకు మొదలైంది. పొడుగాటి బల్ల తలాపున దోర్కస్, ఆమెకు చెరోపక్క ఇద్దరు కుర్ర లాయర్లు. ఆ ముగ్గురూ మధ్యవర్తులు. కిటికీ వైపు కంపెనీ తరఫున నిజార్, ఎదురుగా జర్మన్ల తరఫున అవిలా. ఫుయ్‌లాన్ చేయెత్తి నిజమే చెబుతానని ప్రమాణం చేసింది. ఆట అని తెలిసినా ఏటా ఆ ప్రమాణం ఆమెకు నిజంలాగే అనిపించేది.

నిజార్ తన సాక్షిని తేలిగ్గా నడిపించాడు. పదకొండింటికి అవిలా లేచింది. ప్రశ్నల కాగితం చేతిలోకి తీసుకుంది.

"ఆంటీ... సాక్షి గారూ. మీకు చాలా అనుభవం ఉంది కదండీ?"

"ఉంది."

"అంత అనుభవం ఉన్నవాళ్ళు పొరపాటు చేయరు కదండీ? అంటే, ఎప్పుడైనా చేస్తే, అది మీ తప్పు కాకపోవచ్చు..."

ఫుయ్‌లాన్ లోలోపల మూలిగింది. ఈ పిల్ల తలుపు తోసి, తోసిన చేత్తోనే మళ్ళీ మూసేస్తోంది. గంటంపావు అలాగే గడిచింది. అవిలా అడగడం, ఆ వెంటనే తనే సంజాయిషీ అందించడం, ఫుయ్‌లాన్ ఆ సంజాయిషీని ఊతకర్రలా పట్టుకుని నిలబడడం. నిజార్ ఒక్కసారి కూడా అభ్యంతరం చెప్పే అవసరం రాలేదు. క్లారిబెల్ వెనక కుర్చీలో కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది.

పన్నెండుంపావుకి దోర్కస్ గడియారం చూసింది. "భోజనానికి విరామం. సాక్షి ఇంకా ప్రమాణంలోనే ఉన్నారు. ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు. ముఖ్యంగా రెండు పక్షాల లాయర్లు. ఆంటీ, మీరు పక్క గదిలో కూర్చోండి."

మిగతా ఏళ్ళలో సాక్ష్యం ఎప్పుడూ భోజనానికి ముందే ముగిసేది. విరామం మధ్యలో పడడం ఇదే మొదటిసారి. గుమాస్తా ఆమెను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, నీళ్ళ సీసా, బిస్కెట్ల డబ్బా పెట్టి పోయాడు. తలుపు తెరిచే ఉంది. వరండాలో పిల్లలు క్యాంటీన్ వైపు వెళ్తున్నారు. నిజార్ గోడ వైపు ముఖం తిప్పుకుని, ఎండ్రకాయలా పక్కకు నడుచుకుంటూ దాటిపోయాడు. ఫుయ్‌లాన్‌కు నవ్వొచ్చింది.

తర్వాత అవిలా వచ్చింది. దాటింది. రెండడుగులు వెనక్కి వేసింది. ఒంటరిగా ఖాళీ బల్ల ముందు కూర్చున్న ముసలావిడను, తినడానికి ఏమీ పెట్టకుండా దాటిపోవడం! ఆ పిల్ల కాళ్ళకు అది చేతకాలేదని ఫుయ్‌లాన్‌కు అర్థమైంది. మాయమై, అయిదు నిమిషాల్లో కాగితం పొట్లంతో తిరిగొచ్చింది. బల్ల మీద పెట్టి, "తిన్నారా?" అంది. నోటికి అలవాటైన మాట, తన్నుకుని వచ్చేసింది.

"తినలేదు."

"చల్లారక ముందే తినండి."

అక్కడితో వెళ్ళిపోయి ఉంటే బాగుండేది. కానీ ఆ పిల్ల కళ్ళ కింద నలుపు చూసింది ఫుయ్‌లాన్. రెండు రోజులుగా దాచుకున్న మాట ఆపుకోలేకపోయింది.

"కాగితాల్లో ఉన్న లారీ ఫోటో చూడు," అంది గొంతు తగ్గించి. "చూసిన బస్తా మీద సుద్దతో గీత గీస్తారు. వెనక వరసలకు గీతలు లేవు. అది అడుగు."

అవిలా ముఖంలో రంగు మారింది.  పొట్లం వైపు, ఫుయ్‌లాన్ వైపు ఒక్కసారి చూసి, వెనక్కి నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

ఫుయ్‌లాన్ నూడుల్స్ ముట్టుకోలేదు. ఏం చేశాను? దోర్కస్‌కు తెలిస్తే పిల్లకు చోటు పోతుంది. తనను మళ్ళీ ఈ గడప తొక్కనివ్వరు. ఎవరైనా అడిగితే, తిన్నారా అని అడిగింది, తినలేదన్నాను, అంతే అని చెబుదాం అనుకుంది. అది అబద్ధం కాదు. సగం మాత్రమే. ఈ వేషం పుణ్యమా అని సగం చెప్పడం తనకు బాగానే పట్టుబడింది.

ఒంటిగంటన్నరకు అందరూ కూర్చున్నారు. అవిలా కుర్చీలోంచి లేచింది. ప్రశ్నల కాగితం బల్ల మీద బోర్లా పెట్టింది.

"మేడమ్, మొదలుపెట్టే ముందు ఒక విషయం చెప్పాలి. విరామంలో నేను సాక్షి గదిలోకి వెళ్ళాను. తినడానికి పెట్టాను. తిన్నారా అని అడిగాను."

 దోర్కస్ కళ్ళజోడు తీసింది. "ఇంకేమైనా మాట్లాడారా?"

 అవిలా ఫుయ్‌లాన్ వైపు చూడలేదు.

"సాక్షి నాకొక మాట చెప్పారు. ఎగ్జిబిట్ నాలుగు, లారీ ఫోటో. అందులో సుద్ద గీతల గురించి అడగమన్నారు."

"ఆ సంగతి నువ్వు ముందే గమనించావా?"

"లేదు మేడమ్. నేను చూడలేదు."

అవిలా అవునని ఒక్క మాట అని ఉంటే అక్కడితో పోయేది. ఎవరూ కాదనలేరు. ఫుయ్‌లాన్‌కు తల కొట్టేసినట్టయింది. దోర్కస్ అడగక ముందే లేచి నిలబడింది.

"నిజమే. నేనే చెప్పాను. ఆ పిల్ల అడగలేదు. తప్పు నాది."

"కూర్చోండి," అంది దోర్కస్. ఆ గొంతులో ఆంటీ అన్న పిలుపు లేదు. "నిజార్, సాక్షి నీ పక్షం. నీ పక్షం సాక్షే అవతలి లాయరుకు గుట్టు విప్పింది. ఏమంటావు?"

 నిజార్ లేచి, "భోజనం పెట్టినందుకు మాకు అభ్యంతరం లేదు మేడమ్. మాకు పెట్టలేదన్న బాధ తప్ప," అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. దోర్కస్ గుడ్లురిమింది. అతను సర్దుకున్నాడు. "ఆ ఫోటో గురించి గానీ, గీతల గురించి గానీ ఒక్క ప్రశ్న కూడా అడగకూడదని కోరుతున్నాను."

ముగ్గురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడారు. "ఒప్పుకున్నాం," అంది దోర్కస్. "ఫోటో లేదు, గీతలు లేవు. అవిలా, నీకు ఇరవై నిమిషాలు మిగిలింది. ఉన్నదానితో కానీయ్."

 అవిలా బోర్లా పెట్టిన కాగితాన్ని తిప్పలేదు. ఫుయ్‌లాన్‌ను చూసింది. గురువారాలు ఎదురుగా కూర్చుని తింటూ చూసే చూపు అది.

"ఒక బస్తాను ఎలా పరీక్షిస్తారో చెప్పండి."

సంజాయిషీ లేదు, ఊతకర్ర లేదు. ఫుయ్‌లాన్ వెన్ను దానంతట అదే నిటారైంది. ఇన్నేళ్ళలో ఈ మాట ఆమెను ఎవరూ అడగలేదు.

"గొట్టం మూడు చోట్ల గుచ్చాలి. పైన, నడుమ, అడుగున. అడుగున గుచ్చకపోతే గుచ్చనట్టే. తడి అంతా అక్కడే దాక్కుంటుంది. తీసిన గింజలు పళ్ళెంలో పోయాలి. గుప్పెడు అరచేతిలో వేసి నలిపి వాసన చూడాలి. ఇంకో గుప్పెడు నీళ్ళలో వేయాలి. తాలు గింజలు తేలతాయి, గట్టివి మునుగుతాయి. అదయ్యాక గోనె కన్నం వేలితో రుద్ది పూడ్చాలి."

"ఇదంతా ఒక బస్తాకు ఎంతసేపు పడుతుంది?"

"నాలుగు నిమిషాలు."

"రెండు నిమిషాల్లో అయిపోదా?"

"రెండు నిమిషాల్లో చేసేవాళ్ళు ఉన్నారు," అంది ఫుయ్‌లాన్, మూతి విరిచి. "వాళ్ళను గోదాములో అడుగు పెట్టనివ్వకూడదు."

"మీరు ఎప్పుడైనా, తొందర ఉన్న రోజున..."

"నా చేతి మీద నాలుగు నిమిషాలకు తక్కువ ఏ బస్తా పోలేదు. ఏ రోజూ పోలేదు."

నిజార్ కుర్చీలో కదిలాడు. ఎటు పోతోందో అతనికి అర్థమైనట్టుంది. లేవబోయి, అభ్యంతరం ఏమని చెప్పాలో తోచక కూర్చున్నాడు.

"మీకు సాయంగా ఎవరైనా ఉన్నారా?"

"నా బస్తాలు నేనే చూస్తాను. ఇంకొకరి ముక్కును నేను నమ్మను."

"మీ సర్టిఫికెట్ మీద పని మొదలుపెట్టిన సమయం ఉంది. చదవండి."

ఫుయ్‌లాన్ కళ్ళజోడు పెట్టుకుంది. "మధ్యాహ్నం ఒంటిగంట."

"ఎగ్జిబిట్ ఏడు. గోదాము గేటు దగ్గరి చీటీ. చివరి లారీ బయటికి ఎప్పుడు వెళ్ళింది?"

"అయిదింటికి."

"నాలుగు గంటలు. బస్తాకు నాలుగు నిమిషాలు. ఎన్ని బస్తాలవుతాయి?"

గోదాములో ఇలాంటి లెక్కలు ఆమెకు మంచినీళ్ళ ప్రాయం. నోరు దానంతట అదే చెప్పేసింది. "అరవై." చెప్పాక గానీ తాను ఎక్కడికి వచ్చి నిలబడిందో తెలియలేదు. ఎవరూ నెట్టలేదు. తన కాళ్ళతో తనే నడిచి వచ్చింది.

"సర్టిఫికెట్‌లో రెండు వందల నలభై అని ఉంది," అంది అవిలా. "మిగతా నూట ఎనభై..."

ఆగింది. ఆ పెదవుల మీదికి ఒక మాట రావడం ఫుయ్‌లాన్ కళ్ళారా చూసింది. సమయం చాలలేదేమో కదా ఆంటీ, అన్న మాటే అయి ఉంటుంది.  పిల్ల ఆ మాటను మింగేసింది.

"మిగతా నూట ఎనభై బస్తాలు చూశారా, లేదా?"

"చూడలేదు," అంది ఫుయ్‌లాన్.

అనగానే వింతగా ఒళ్ళు తేలికపడింది. అవిలా తల వంచి, "ఇంకేమీ అడగాల్సింది లేదు," అని కూర్చుంది. 

మధ్యవర్తులు పావుగంట బయట మాట్లాడుకుని వచ్చారు. దోర్కస్ నిలబడే మాట్లాడింది.

"ముందు తిట్లు. అవిలా, నిజమైన విచారణలో ఇలా సాక్షి గదిలో అడుగు పెడితే కేసు పోతుంది, పేరూ పోతుంది. ముసలావిడ ఆకలితో ఉందనిపిస్తే గుమాస్తాతో పంపించు. అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్."

"వచ్చి ఒప్పుకున్నందుకు మార్కులు లేవు. అది లాయరు చేయాల్సిన పని. చేయకపోతే ఈరోజుతో నిన్ను పంపేసేదాన్ని." కాగితం తిప్పింది. "ఒక మనిషిని తన పని గురించి గౌరవంగా అడిగి, ఆ జవాబులతోనే నిజం రాబట్టినందుకు మార్కులున్నాయి. చాలానే ఉన్నాయి. హాంకాంగ్‌కు నిజార్, అవిలా. క్లారిబెల్, వాళ్ళిద్దరూ ఎక్కడ తప్పుతారో చూసే పని నీది, నువ్వూ వెళ్తున్నావు."

"వాళ్ళు తప్పేది చూడ్డానికా? దానికి ఇద్దరు మనుషులు కావాలి," అంది క్లారిబెల్. అయినా అందరికంటే ముందు వచ్చి అవిలా వీపు మీద గట్టిగా చరిచింది కూడా ఆమే.

ఫుయ్‌లాన్ సంచీ సర్దుకుని తలుపు వైపు జరుగుతోంది. తనను ఎలాగూ వద్దంటారు, వాళ్ళు అనక ముందే పోవడం మేలు అనుకుంది.

"ఆంటీ, ఎక్కడికి?" అంది దోర్కస్ వెనకనుంచి. "వచ్చే శనివారం పక్షాలు మారతాయి. అవిలా మీ తరఫు, నిజార్ మీ మీదికి వస్తాడు. వాడికి మాత్రం ఏమీ చెప్పకండి."

"వాడికి నేనెందుకు చెబుతాను?" అంది ఫుయ్‌లాన్. "సాక్షిని చూసి ఎండ్రకాయలా నడిచేవాడికి!"

సాయంత్రం అవిలా స్కూటర్ మీద ఇంటి దాకా దించింది. ఫుయ్‌లాన్ దిగి, హెల్మెట్ తీయడానికి తంటాలు పడుతుంటే అవిలా పట్టీ విప్పింది.

"ఆంటీ, కోపం వచ్చిందా? అందరి ముందూ అలా అడిగానని?"

"అడగడం ఇన్నాళ్ళకు చేతనైంది. మళ్ళీ క్షమించమని మాత్రం అడగకు, ఊరుకోను."

"అడగను. పన్నెండో తారీఖు పొద్దున తొమ్మిదింటికి విమానం. మీరు ఎయిర్‌పోర్టుకు రావాలి."

"రాను. నేను ఎవరినీ సాగనంపను."

"ఎందుకని?"

ఫుయ్‌లాన్ వీధి చివర వైపు చూసింది. "నాకు పదహారేళ్ళప్పుడు మా అక్క ఓడెక్కింది. రేవు దగ్గర నిలబడి చేయి ఊపాను. ఓడ మలుపు తిరిగి కనబడకుండా పోయినా ఊపుతూనే ఉన్నాను. రెండు ఉత్తరాలు వచ్చాయి, అంతే. అప్పట్నుంచీ నేను ఊపిన వాళ్ళెవరూ తిరిగి రారని ఒక భయం. పిచ్చిది అనుకో."

అవిలా నవ్వలేదు. స్కూటర్ ఆపు చేసి స్టాండు వేసింది.

"సరే, ఎయిర్‌పోర్టు వద్దు. కాలేజీ గేటు?"

"వద్దు."

"కాలేజీ వ్యాను ఈ వీధిలోంచే పోతుంది. మీ మెట్ల దగ్గర ఆపిస్తాను. మీరు కిందికి దిగితే చాలు. అయిదు నిమిషాలు."

"రెండు."

"నాలుగు. నిజార్ కూడా దిగి మీకు దండం పెడతాడు."

"వాడు దిగేటట్టయితే ఒకటిన్నర."

"మూడు నిమిషాలు, నిజార్ వ్యానులోనే ఉంటాడు. కానీ మీరు చేయి ఊపాలి."

"ఊపను."

"ఊపకపోతే వ్యాను కదలదు. విమానం తప్పిపోతుంది. అందరూ మిమ్మల్నే అంటారు."

"ఇది బెదిరింపు."

"షరతు, ఆంటీ. దోర్కస్ మేడమ్ నేర్పారు."

ఫుయ్‌లాన్ ఆలోచించింది. గోదాములో వ్యాపారులతో మాట్లాడేటప్పుడు ఉండే నెమ్మది ఆమె గొంతులోకి వచ్చింది. "మూడు నిమిషాలు. చేయి ఒక్కసారే ఊపుతాను. తిరిగొచ్చిన రోజు వ్యాను మళ్ళీ ఇక్కడే ఆగాలి, నువ్వు మెట్లెక్కి పైకి రావాలి. నోటి మాట చెల్లదు. కాగితం మీద రాయి."

అవిలా సంచీలోంచి నోటు పుస్తకం తీసి, స్కూటర్ సీటు మీద పెట్టి రాసింది. ఫుయ్‌లాన్ కళ్ళజోడు పెట్టుకుని వీధి దీపం కింద నిలబడి రెండుసార్లు చదివింది.

"తిరిగొచ్చే తారీఖు లేదు ఇందులో," అంది. "అది లేకుండా నేను సంతకం పెట్టను."

"ఇరవై ఒకటి," అంటూ అవిలా రాసింది. "సాయంత్రం ఆరింటికి."

ఫుయ్‌లాన్ కలం అందుకుని, ఒక్కో అక్షరం విడివిడిగా తన పేరు రాసింది.